ఎల్‌డీఎల్ 162 నుంచి 134కి: నాకు పనిచేసింది ఇసబ్గోల్

రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 162 వచ్చింది. రిపోర్టులో అంకె తప్ప ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. వెల్లుల్లి మాత్రలు, పరగడుపున నిమ్మరసం, చేపనూనె క్యాప్సూల్స్ ఆరు నెలలు వాడినా కదల్లేదు (చేపనూనె తగ్గించేది ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లనే వేరే రకం కొవ్వునని తర్వాత తెలిసింది).

మొదట వెన్న, వేపుళ్లు, బేకరీ సరుకు మానేశాను. రెండు వారాలయ్యాక ఇసబ్గోల్ పొట్టు. ఒకేసారి ఎక్కువ తీసుకుని కడుపు ఉబ్బరంతో అవస్థపడ్డాను, అది నా తొందరపాటే. మళ్లీ రోజుకో చెంచాతో మొదలుపెట్టి, వారం తర్వాత పొద్దున 5 గ్రాములు, రాత్రి 5 గ్రాములు చేశాను. భోజనానికి ముందు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, జెల్లీలా గట్టిపడకముందే తాగేయాలి. పైన ఇంకో గ్లాసు నీళ్లు. వేరే మందులకు రెండు గంటల ఎడం ఉంచాను. ఈ పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కొత్తది తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది.

12 వారాలకు 134. ఇందులో ఇసబ్గోల్ వాటా ఎంతో, వెన్న మానడం వాటా ఎంతో విడదీసి చెప్పలేను. వంశపారంపర్యంగా బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు ఇదొక్కటే చాలదు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మాత్రం ఆపొద్దు.