పుస్తకం ఎందాకా పోయింది? 3వ పాఠం: ముందు పేర్లు, తర్వాతే లెక్క

పోయినసారి ఒక పని పెట్టాను కదా, మీకిష్టమైన పరిశోధన గ్రంథం ఒకటి పట్టుకుని దాని గురించి ఫేస్‌బుక్‌లోనూ ఎక్స్‌లోనూ ఎవరేం రాశారో వెతకమని. కొందరికి సున్నా వచ్చి ఉంటుంది, కొందరికి వందల్లో. రెండింటినీ నమ్మకండి.

నా సంగతే చూడండి. తిరుమల శాసనాల మీద వచ్చిన ఒక పుస్తకం జాడ తీద్దామని కూర్చున్నాను. ‘తిరుమల శాసన’ అని కొట్టి, వచ్చినవన్నీ ఎక్సెల్‌లో పోసుకుని, ఇంత పేరొచ్చిందా అని సాయంత్రం దాకా సంబరపడ్డాను. రాత్రి ఒక్కో వరసా చదివితే తెలిసింది: శాసనసభ్యులు సకుటుంబంగా శ్రీవారిని దర్శించుకున్నారు, శాసనమండలి సభ్యులకు రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం చేశారు... అన్నీ ఇవే. పుస్తకం ఊసెత్తినవి ఒక చేతి వేళ్లకు సరిపోయాయి. పేరులో తిరుమల ఉన్న పుస్తకాన్ని నెట్‌లో వెతకడమంటే, బ్రహ్మోత్సవాల్లో గుండు చేయించుకున్న మామయ్యను వెనకనుంచి గుర్తుపట్టడమే.

పరిశోధన పత్రికల్లో వచ్చే వ్యాసాలకు ఈ బాధ తక్కువ. వాటికి ఒక్కోదానికి డీఓఐ అనే గుర్తింపు నంబరుంటుంది. ఆల్ట్‌మెట్రిక్స్, అంటే ఒక రచన గురించి నెట్‌లో ఎక్కడెక్కడ మాట్లాడుకున్నారన్న లెక్క, గట్టేవాళ్లు ప్రధానంగా ఆ నంబరో, దానికి పోయే లింకో ఎక్కడ కనిపించిందా అని చూస్తారు. 2010లో జేసన్ ప్రీమ్ అనే పరిశోధకుడు ఆల్ట్‌మెట్రిక్స్ అన్న మాట పుట్టించిన నాటినుంచీ పద్ధతికి ప్రధానంగా వ్యాసమే కొలత. పుస్తకం దగ్గరికొచ్చేసరికి చిక్కు. డీఓఐ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కొన్నిటికి పుస్తకానికొకటి, అధ్యాయానికొకటి. మన తెలుగు పుస్తకాలకు దిక్కు ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు. అదీ మెత్త అట్టకొకటి, గట్టి అట్టకొకటి, ఈ-బుక్‌కొకటి. అన్నీ రాసుకోవాలి.

2007 జనవరి 1 నుంచి ఐఎస్‌బీఎన్‌కు 13 అంకెలు. అంతకుముందు 10. పాత పుస్తకం పది అంకెలతో ఒకచోట, పదమూడుతో ఇంకోచోట దొరుకుతుంది. మార్చడం చేత్తోనే చేయొచ్చు. అభ్యాసానికి నేను కూర్చిన నంబరు ఇది: 8112345678. చివరి 8 తీసేయండి, ముందు 978 పెట్టండి: 978811234567. ఇప్పుడు ఎడమనుంచి ఒక అంకెను 1తో, పక్కదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో గుణిస్తూ పోయి కూడండి. 123 వస్తుంది. ఆ పైన వచ్చే పదుల సంఖ్య 130. తేడా 7. అదే చివరి అంకె: 9788112345677. కాగితం మీద ఒకసారి చేయండి, రెండోసారి వేళ్ల మీదే వచ్చేస్తుంది.

ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. ఎస్వీ యూనివర్సిటీలోని ప్రాచ్య పరిశోధన సంస్థను దేవస్థానం మొదలుపెట్టింది 1939లో. అప్పటి పుస్తకాలకు నంబరెక్కడిది? అలాంటివాటికి పేరే ఆధారం. అసలు పని అక్కడుంది.

మనవాళ్లు ఒక పేరును ఎన్ని రకాలుగా రాస్తారో ఊహించండి. తాళ్లపాక, తాళ్ళపాక. వేంకటేశ్వర, వెంకటేశ్వర. అన్నమయ్య, అన్నమాచార్యులు. కంటికి తేడా తెలియదు గానీ కంప్యూటర్‌కు ళ్ల వేరు, ళ్ళ వేరు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్ల దారి మరీ ఘోరం. ఒకరు ‘త’కు హెచ్ తగిలిస్తారు, ఒకరు తగిలించరు. దీర్ఘానికి ఒకరు రెండు ‘ఏ’లు, ఒకరు ఒకటే. మూడు మాటల శీర్షికకు ఒక్కో మాటకు రెండేసి రూపాలున్నా ఎనిమిది వెతుకులాటలు. ఓపిక లేకపోతే రచయిత ఇంటిపేరూ, శీర్షికలో అన్నిటికన్నా అరుదైన మాటా కలిపి కొట్టండి. ముప్పాతిక పని జరుగుతుంది.

తర్వాత తీసేయాల్సిన మాటల జాబితా. మన ఊరి పుస్తకాలకైతే నాది ఇది: దర్శనం, టికెట్లు, లడ్డూ, కంపార్ట్‌మెంట్లు, గోవిందా, శాసనసభ, శాసనమండలి. ఇవి ఉన్న వరసల్ని వెంటనే చెరిపేయకండి, పక్కకు పెట్టండి. లడ్డూ చరిత్ర మీదే ఎవరైనా ఆ పుస్తకాన్ని ఉదహరించి ఉండొచ్చు. నాకు అలా ఒకటి దొరికింది కూడా.

ఒకే పోస్టును నలుగురు మక్కికి మక్కి అతికిస్తే రాత ఒకటి, చేరవేత నాలుగు. రెండు గడుల్లో వేయండి. అట్ట ఫోటో మాత్రమే పెట్టి ‘తప్పక చదవండి’ అన్నవాళ్లు ఈ వెతుకులాటకు దొరకరు, వాట్సాప్ గ్రూపులు బయటివాళ్లకు అసలు కనపడవు. కాబట్టి మీ అంకె పక్కన ‘కనీసం’ అని రాసుకోవడం అలవాటు చేసుకోండి.

వచ్చే పాఠానికి పని: మీ పుస్తకం టైటిల్ పేజీ వెనక ఉన్న నంబర్లన్నీ ఒక గడిలో, పేరు రూపాలన్నీ ఇంకో గడిలో. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. పదికి తక్కువొస్తే ఇంట్లో పదో తరగతి పిల్లల్ని పిలిచి, ఆ పేరు ఫోన్‌లో టైప్ చేయమనండి.