కంటికి కనపడని గోటి కింది కణితిని డాక్టరుకు ఎలా చూపించాలి

భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని నాది. ఐసులో చెయ్యి పెడితే చాలు, కుడి ఉంగరం వేలి గోటి కింద మొదలైన నొప్పి మోచేతి దాకా లాగేసేది. వాపు లేదు, చీము లేదు. మా అత్తయ్యగారు గోరుచుట్టనుకుని నిమ్మకాయ తొడిగారు. ఒక డాక్టరు నరాల బలహీనతని మాత్రలు రాశారు. పని ఎగ్గొట్టడానికి వేషాలన్న మాట కూడా పడ్డాను. నాలుగేళ్ల తర్వాత తేలింది, గ్లోమస్ ట్యూమర్ అని. క్యాన్సర్ కాదు. చలికీ వేడికీ తగ్గట్టు రక్తాన్ని సర్దే చిన్న రక్తనాళాల ముడులు మన చర్మంలో ఉంటాయి. వాటిలో ఒకటి చిన్న గడ్డలా పెరుగుతుంది. చల్లదనం తగిలితే అంత బాధ అందుకే.

మీకూ ఇలా ఉంటే అగ్గిపుల్ల తీసుకుని, మందు లేని కొసతో గోరంతా మెల్లగా నొక్కుతూ రండి. ఒక్క చోటే ప్రాణం పోయినట్టుండి, బియ్యపుగింజంత పక్కకు జరిపితే ఏమీ లేకపోతే, అక్కడ పెన్నుతో చుక్క పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. గోటి కింద నీలం మచ్చ ఉందేమో ఎండలో చూసుకోండి. నల్లచార కనిపిస్తే మాత్రం అసలు ఆగొద్దు, మెలనోమా అనే క్యాన్సర్ కూడా అలా మొదలవచ్చు.

డాక్టరుతో ఉత్త "వేలు నొప్పండీ" అనకండి. "ఐసు తగిలితే నొప్పి, ఒక్క చోటే నొప్పి, గ్లోమస్ ఏమో చూడండి" అని అడగండి. చెయ్యి పైకెత్తించి బీపీ పట్టీ బిగిస్తే, రక్తం ఆగి నొప్పి తగ్గుతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. ఆ పరీక్ష వాళ్లే చెయ్యాలి, ఇంట్లో తాడు కట్టుకోవద్దు. నా ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, ఎం.ఆర్.ఐ.లో దొరికింది. నాలుగు మిల్లీమీటర్లు!

ఇది వేలికొసల్లోనే ఎక్కువ. అరుదుగా మోకాలి దగ్గరో తొడ మీదో వస్తుంది, అక్కడైతే ఎవరికీ అనుమానమే రాదు. పరీక్ష మాత్రం ఇదే, ఒక్క చుక్క దగ్గర నొప్పి. ఒకటి కంటే ఎక్కువ వేళ్లకుంటే, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలుంటే అవీ చూపించండి. న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు జబ్బులో ఇవి కలిసి రావచ్చు.

వేలికి మత్తిచ్చి, గోరు తీసి గడ్డను తీసేశారు. ముక్కను బయాప్సీకి పంపమని అడగడం మర్చిపోకండి. కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతుంది కాబట్టి, మూడు నెలలైనా నొప్పి పోకపోతే మళ్లీ వెళ్లండి. నాకు గోరు పూర్తిగా రావడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు ఐసులో చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది, అంతే.