బరువైన కొమ్మను తాడు మీద దించడం: సామాను, లెక్క, కోత

మాను పక్కనే, పైనుంచి ఒక్క కోతతో పెద్ద కొమ్మను తెగ్గోస్తే ఏమవుతుందో చాలా చెట్ల మీద కనిపిస్తుంది. కొమ్మ ఉన్న చోటు నుంచి కిందికి జానెడో మూరెడో బెరడు పట్టీలా ఊడిపోయి ఉంటుంది. కోత సగం దాటేసరికి మిగిలిన చెక్క బరువు మోయలేక వాలిపోతుంది. అడుగున ఉన్న నార తెగదు, పడుతూ పడుతూ మాను బెరడును కూడా లాక్కుపోతుంది. ట్రీ సర్జన్లు (చెట్టెక్కి కొమ్మలు కోసే వృత్తి వాళ్లు) పైకి మోసుకెళ్లే సామానులో చాలా మటుకు ఈ బరువును అదుపులో ఉంచడానికే.

ఇక్కడ చెప్పేది, నిలిచి బతకాల్సిన చెట్టు నుంచి చేత్తో పట్టి పడేయలేనంత బరువున్న కొమ్మను దించే విధానం. చెట్టెక్కి చైన్ రంపం పట్టడం శిక్షణ ఉన్నవాళ్ల పని. ముడులు, తాడు మీద కదలికలు ముందు నడుమెత్తు దాటకుండా సాధన చేయండి.

కింద నుంచే తేలాల్సినవి

చెట్టు చుట్టూ ఒకసారి నిదానంగా తిరగండి. మొదలు దగ్గర పుట్టగొడుగులు ఉన్నా, ఒక వైపు నేల పగిలి లేచినా వేళ్లు పాడైనట్టు అనుమానించాలి, అలాంటి చెట్టు ఎక్కకూడదు. మానును చెక్క సుత్తితో కొట్టి వినండి. గట్టి చెక్క టక్కుమంటుంది, డొల్ల బోలుగా మోగుతుంది. పంగలు చూడండి. ‘యూ’ ఆకారంలో విప్పారిన పంగ బలమైనది. ‘వి’ ఆకారంలో ఇరుకుగా ఉండి మధ్యలో బెరడు లోపలికి మడతపడితే, అక్కడ రెండు కొమ్మల చెక్క సరిగా కలవలేదన్నమాట. దాని మీద తాడు వేయొద్దు. ఎండి వేలాడే కొమ్మలు, తేనెపట్టు, కందిరీగల గూడు ఉన్నాయేమో కూడా కింద నుంచే చూసుకోవాలి.

కరెంటు తీగల విషయంలో మినహాయింపు లేదు. మనిషి గానీ, పనిముట్టు గానీ, పడే కొమ్మ గానీ తీగకు 3 మీటర్ల లోపు వచ్చే వీలుంటే సరఫరా ఆపించాకే పని. ఎక్కువ వోల్టేజీ తీగలకు ఈ దూరం ఇంకా పెరుగుతుంది. పచ్చి కొమ్మలోనూ తడి తాడులోనూ కరెంటు పారుతుంది.

ఇక బరువు. పచ్చి చెక్క ఘనపు మీటరుకు చాలా జాతుల్లో 800 నుంచి 1,000 కిలోలు తూగుతుంది. 25 సెం.మీ. మందం, 2 మీటర్ల పొడవున్న దుంగ 80 నుంచి 100 కిలోలు. చూపుకు అందులో సగం కూడా ఉన్నట్టు అనిపించదు, అందుకే కళ్లను నమ్మకుండా లెక్క కట్టాలి. దానికి రెమ్మలు, ఆకుల బరువు అదనం.

ఎక్కే తాడు

250 నుంచి 450 గ్రాముల చిన్న బరువు సంచికి 2 మి.మీ. సన్న తాడు కట్టి పంగలోకి విసురుతారు. దాని వెంట అసలు తాడును పైకి లాగుతారు. ఎక్కే తాడు 11 నుంచి 13 మి.మీ. మందం, సాగుడు తక్కువగా ఉండే రకం. తాడు పడిన పంగ దగ్గర పచ్చి కొమ్మ కనీసం 10 సెం.మీ. మందం ఉండాలి. ఎక్కే ముందు ఇద్దరు కలిసి తాడుకు వేలాడి చూడండి. పటుక్కుమన్నా, కొమ్మ కదిలినా వేరే పంగ వెతకాలి. వేసింది రెట్టింపు తాడైతే, అంటే పంగ మీదుగా రెండు పాయలుగా దిగి, ఎక్కేటప్పుడు పంగ మీద కదిలేదైతే, పంగలో తోలు పట్టీ గానీ రింగుల పట్టీ గానీ వేసి దాని గుండా నడపండి. లేకపోతే రాపిడికి బెరడూ పోతుంది, తాడూ పోతుంది.

హార్నెస్‌కు (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీల సెట్టు) తాడు కలిపే కారబినర్లు (తెరిచి మూసే లోహపు కొక్కేలు) తమంతట తాము తాళం పడేవి, తెరవడానికి మూడు కదలికలు అవసరమయ్యేవి అయి ఉండాలి. తాడు మీద జారుతూ, బరువు పడగానే పట్టేసే ముడి బ్లేక్స్ హిచ్ కావచ్చు, ప్రుసిక్ కావచ్చు. ఏది వేసినా నేలకు అడుగెత్తులో పూర్తి బరువు వేసి చూశాకే పైకి వెళ్లాలి. కొత్త తాడు మీద ముడి ఒక్కోసారి పట్టదు, అరిగిన తాడు మీద బిగుసుకుపోయి వదలదు.

రంపం నడిచేటప్పుడు మనిషి రెండు చోట్ల కట్టి ఉండాలి. ఒకటి పై తాడు, రెండోది నడుము దగ్గర మాను చుట్టూ తిరిగే లాన్‌యార్డ్. లోపల ఉక్కు తీగ ఉన్న లాన్‌యార్డ్ మంచిది. రంపాన్ని అది పూర్తిగా ఆపలేదు గానీ మామూలు తాడులా ఒక్క తాకుడుకు తెగిపోదు. బూట్లకు కట్టే ఇనుప ముళ్లు కొట్టేయబోయే చెట్లకే. బతికే చెట్టు మీద ఒక్కో అడుగుకూ ఒక్కో గాయం అవుతుంది.

కింద మరో ఎక్కగలిగిన మనిషి, అతనికి వేరే హార్నెస్, వేరే తాడు సిద్ధంగా ఉండాలి. పైనవాడు స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడుతుంటే నిమిషాలు కూడా విలువైనవి, అప్పుడు సామాను వెతుక్కుంటూ కూర్చోలేరు.

దించే తాడు, దాని లెక్క

ఎక్కే తాడుతో బరువులు దించకూడదు. దించే తాడు వేరు, దాని పుల్లీ వేరు, పుల్లీని మానుకు కట్టే పట్టీ వేరు. వీలైనంత వరకు పుల్లీని కోయబోయే కొమ్మ కంటే పైన కట్టండి. అప్పుడు కొమ్మ తెగగానే తాడు మీదికి వస్తుంది, పడేది దాదాపు ఉండదు.

కొమ్మకు తాడు కట్టడానికి జారే బౌలైన్ (బరువు పడగానే కొమ్మ చుట్టూ బిగుసుకునే ఉచ్చుముడి), దానికి ముందు ఒక అరముడి. అరముడి వేస్తే పట్టు రెండు చోట్ల పంచుకుంటుంది. కొమ్మ మొదట్లో కడితే కొన ముందు వాలుతుంది, కొన వైపు కడితే మొదలు ముందు దిగుతుంది. కింద ఇంటి కప్పు గానీ గోడ గానీ ఉంటే ఏ చివర ముందు దిగాలో దాన్ని బట్టే కట్టు చోటు ఎంచుకోవాలి.

కింద, మాను మొదట్లో తాడును ఇనుప డ్రమ్ము లాంటి బ్రేకుకు చుడతారు. తేలిక కొమ్మకు ఒకటి రెండు చుట్లు, బరువైనదానికి మూడు నాలుగు. చుట్టు పెరిగే కొద్దీ రాపిడి పెరుగుతుంది. తాడును అరచేతికి చుట్టుకోవడం గానీ, కాళ్ల దగ్గర తాడు చుట్టల మధ్య నిలబడటం గానీ ఎప్పుడూ చేయొద్దు.

చాలామంది తప్పేది ఇక్కడే. పుల్లీ మీద తాడుకు రెండు కాళ్లు. ఒక కాలికి 100 కిలోల కొమ్మ వేలాడుతుంటే, బ్రేకు వైపు కాలు కూడా దాదాపు అంతే లాగుతుంది. అంటే పుల్లీ కట్టిన చోటు మోసేది 200 కిలోలకు దగ్గర. ఇది కదలకుండా వేలాడే బరువు సంగతి. అదే కొమ్మ 1 మీటరు పడి, తాడు 25 సెం.మీ.లోనే దాన్ని ఆపేస్తే తాడు మీద లాగుడు సగటున 5 రెట్లు, అంటే 500 కిలోలు. పుల్లీ దగ్గర అది ఇంకో రెట్టింపుకు చేరువవుతుంది. కింద ఉన్నవాడు గట్టిగా బిగించకుండా తాడును కొంచెం పారనిచ్చి 1 మీటరు దూరంలో మెల్లగా ఆపితే లాగుడు 2 రెట్లకు దిగుతుంది. బ్రేకు దగ్గర మనిషి నైపుణ్యం పైనవాడి ప్రాణానికి అంత దగ్గరగా ఉంటుంది. తాడు తెగే బరువులో పదో వంతుకు మించి లెక్కలోకి తీసుకోకపోవడం ఈ కారణంగానే. ముడి వేసిన చోట తాడు బలం తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

రంపం

చెట్టు మీద వాడేది పైన పిడి ఉన్న చిన్న చైన్ రంపం, 30 సెం.మీ. అటూ ఇటూ బార్ (చైన్ తిరిగే పొడవాటి లోహపు పలక) ఉన్నది. పిడి పైన ఉంది కదా అని ఒంటి చేత్తో కోయాలనిపిస్తుంది. కోయొద్దు. బార్ కొన పై భాగం దేనికైనా తగిలితే రంపం ముఖం మీదికి ఎగురుతుంది, రెండు చేతులుంటేనే దాన్ని పట్టగలరు. పొడి పొట్టు రాలుతుంటే చైన్ మొండిబారిందన్నమాట, పదునైన చైన్ పెచ్చులు రాలుస్తుంది. ఇలాంటి చిన్న రంపాల చైన్‌కు సాధారణంగా 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. ప్రతి పంటికీ ఒకే కోణం, ఒకే లెక్క రుద్దులు. 10 సెం.మీ. లోపు కొమ్మకు వంపు బ్లేడు చేతి రంపమే మేలు.

మూడు కోతలు

అన్నీ కట్టాక మాట కలుపుకోవాలి. పైనుంచి “కొయ్యనా?” అంటే, కింద నుంచి “ఖాళీ, కొయ్!” అని స్పష్టంగా వినిపించాలి. జవాబు రాకపోతే కోత లేదు.

మొదటి కోత కింది నుంచి. మానుకు 30 సెం.మీ. దూరంలో, కొమ్మ మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు. అంతకంటే లోతుకు పోతే కొమ్మ అడుగు నొక్కుకుని బార్‌ను పట్టేస్తుంది. రెండో కోత పైనుంచి, మొదటిదానికి 3 నుంచి 5 సెం.మీ. కొన వైపు. కొమ్మ ఊగే దారిలో కాళ్లు గానీ, ఎక్కిన తాడు గానీ లేకుండా చూసుకోండి. ఇప్పుడు చీలిక వచ్చినా మొదటి కోత దగ్గరే ఆగిపోతుంది.

మూడోది మిగిలిన మొండెం తీసే కోత, చెట్టుకు ముఖ్యమైనది ఇదే. కొమ్మ, మాను కలిసే చోట పైన గరుకుగా ఉబ్బిన బెరడు గీత ఉంటుంది. అడుగున ఉంగరంలా ఉబ్బు, దాన్నే కాలర్ అంటారు. కోత ఆ గీతకు కొంచెం బయట మొదలై కాలర్‌కు బయటే ముగియాలి, కాలర్‌ను గీరకూడదు. అడుగున ఉబ్బు కనిపించకపోతే గీత పై కొస నుంచి నిటారుగా ఒక రేఖ ఊహించండి. గీతకూ ఆ రేఖకూ మధ్య ఎంత కోణముందో, రేఖకు అవతల కొమ్మ వైపు అంతే కోణంలో కోయాలి. మొండెం బరువైనదైతే చేత్తో పట్టుకోండి, లేదా తాడు కట్టండి.

అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి లోపలి కుళ్ళు ఎలా పాకుతుందో చూశాడు. 1977లో అతని బృందం వెలువరించిన నమూనా ఈ వృత్తి పద్ధతినే మార్చింది. గాయమైన చెక్క మళ్లీ కొత్తది కాదు, చెట్టు దాని చుట్టూ గోడలు కట్టి కుళ్ళును అక్కడే బంధిస్తుంది. కొమ్మ మొదట్లో ఆ రక్షణ ఉండేది కాలర్ దగ్గరే. దాన్ని మానుకు సమంగా చెక్కేస్తే గాయం కొమ్మది కాదు, మానుదవుతుంది. మొండెం వదిలేస్తే అది ఎండి, కుళ్ళుకు లోపలికి దారి ఇస్తుంది. తారు, పెయింటు పూయడం వల్ల కుళ్ళు ఆగదు, కింద తడి నిలిచి కొన్నిసార్లు ఎక్కువవుతుంది. కోతను అలాగే వదిలేయండి. ఒకేసారి పచ్చి గుబురులో నాలుగో వంతుకు మించి తీయొద్దు.

రెండు మూడేళ్ల తర్వాత వెళ్లి ఆ కోత చూడండి. చుట్టూ సమంగా, వడ ఆకారంలో కొత్త కండ పట్టి ఉంటే కోత సరైన చోట పడింది. రెండు పక్కలే పెరిగి, పైనా కిందా ఖాళీగా మిగిలితే మానుకు మరీ దగ్గరగా కోశారు. కండ అసలు కోత దాకా రాలేక మొండెం చుట్టూ ఆగిపోతే మరీ దూరంగా కోశారు.