తొలి ప్రాక్టికల్ షూటింగ్ పోటీకి ముందు: టైమర్ పట్టుకునే మనిషి మాట

ప్రాక్టికల్ షూటింగ్ అంటే కదులుతూ, సమయంతో పోటీపడుతూ లక్ష్యాలను పేల్చే ఆట. ఆ పోటీల్లో టైమర్ పట్టుకుని షూటర్ల వెనుక నడిచే రేంజ్ ఆఫీసర్‌ని నేను. కొత్తగా వచ్చేవారు ఏ పిస్తోలు మంచిదని అడుగుతారు. నేను మాత్రం వారి చూపుడువేలు చూస్తాను. నడిచేటప్పుడు, మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) మార్చేటప్పుడు అది ట్రిగ్గర్ గార్డు బయట ఉంటే నాకు సగం బెంగ తీరినట్టే. తొలి పోటీలో ర్యాంకు సంగతి వదిలేయండి. అనర్హత వేటు పడకుండా చివరి స్టేజ్ (పోటీలోని ఒక్కో అంచె) దాకా ఆడితే చాలు.

సాధన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు, ఖాళీ తుపాకీతో. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఛాంబర్‌ను (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటును) కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. హోల్‌స్టర్ (బెల్టుకు ఉండే పిస్తోలు ఒర) నుంచి తీయడం, గురి కుదిరాక మాత్రమే వేలు ట్రిగ్గర్ మీదకు తేవడం, తిరిగి పెట్టడం: ఇవన్నీ నెమ్మదిగా చేయండి. వేగం దానంతటదే వస్తుంది, తొందరపెడితే రాదు. తర్వాత నడుస్తూ మ్యాగజైన్ మార్చడం. కుడిచేతి వాటం వారు కుడి నుంచి ఎడమకు కదిలేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒళ్లు ఎడమకు తిరుగుతుంది, మ్యాగజైన్ మార్చే చేతుల్లో తుపాకీ మొన కూడా అటే జారుతుంది. గురుల (పేల్చాల్సిన లక్ష్యాల) వెనుక ఉండే మట్టికట్ట దిశ నుంచి అది 90 డిగ్రీలు దాటితే నేను ‘స్టాప్’ అని అరుస్తాను. ఆ రోజుకు మీ పోటీ ముగిసినట్టే. ఎవరి పిస్తోలు చేయి జారినా అంతే.

సామగ్రి మీద డబ్బు కుమ్మరించకండి. నమ్మకంగా పేలే పిస్తోలు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్, గట్టి బెల్టు, కళ్లద్దాలు, చెవి రక్షణ ఉంటే సరిపోతుంది. మ్యాగజైన్లకు మాత్రం పిసినారితనం వద్దు. అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య (ఐపీఎస్‌సీ) నిబంధనల్లోని ప్రొడక్షన్ అనే పిస్తోలు విభాగంలో ఒక్కో మ్యాగజైన్‌లో 15 తూటాలే నింపాలి, పెద్ద స్టేజ్‌కు 32 దాకా పేల్చాల్సి రావచ్చు. లెక్క మీరే వేసుకోండి, నేనైతే ఐదు తెమ్మంటాను. తూటాలు పోటీకి ప్రకటించిన సంఖ్యకు ఒకటిన్నర రెట్లు తెచ్చుకోండి.

రేంజ్‌కు చేరగానే తుపాకీ సంచిలోంచి తీయకండి. దానికి ‘సేఫ్టీ ఏరియా’ అని వేరే చోటు ఉంటుంది. అక్కడ తుపాకీ ముట్టుకోవచ్చు కానీ తూటా ముట్టుకోకూడదు, డమ్మీ తూటా అయినా సరే. మిగతా చోట్ల రేంజ్ ఆఫీసర్ ఆదేశం లేనిదే తుపాకీ మీద చేయి వేయవద్దు. తొలి పోటీ అని మీ స్క్వాడ్‌లో (మీతో కలిసి స్టేజ్‌లు తిరిగే బృందంలో) ముందే చెప్పండి, మొదటి స్టేజ్‌లో మిమ్మల్ని చివర్లో పిలవమని అడగండి. ఎవరూ నవ్వరు.

స్టేజ్ నడిచి చూసుకోవడానికి కొన్ని నిమిషాలే ఇస్తారు. ఏ స్థానం నుంచి ఏ గురి కనిపిస్తుందో లెక్కపెట్టండి, మ్యాగజైన్ ఎక్కడ మార్చాలో నిర్ణయించుకోండి. పక్కవాడి తెలివైన పథకం చూసి ఆఖరి నిమిషంలో మీది మార్చారో, మధ్యలో దిక్కులు చూస్తారు.

ఇక స్కోరు. సాధించిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే వచ్చేది హిట్ ఫ్యాక్టర్. పేపర్ గురిని ‘ఏ’, ‘సీ’, ‘డీ’ అనే జోన్లుగా విడదీస్తారు. ప్రొడక్షన్‌లో ‘ఏ’ జోన్‌కు 5, ‘సీ’కి 3, ‘డీ’కి 1. తప్పిన దెబ్బకు 10 కోత. పేపర్ గురులకు 12 తూటాలు పేల్చే స్టేజ్ అనుకోండి. అన్నీ ‘ఏ’లో పడితే 60 పాయింట్లు. 15 సెకన్లు తీసుకున్నా హిట్ ఫ్యాక్టర్ 4. మూడు సెకన్లు మిగుల్చుకుని ఒక్కటి తప్పించారా, 55లోంచి 10 పోయి 45 మిగులుతాయి. 12తో భాగిస్తే 3.75. పరుగెత్తేవారు ఈ లెక్క కాగితం మీద ఒప్పుకుంటారు, బీప్ వినగానే మరచిపోతారు.

స్టేజ్ మొదలయ్యే ముందు నా ఆదేశాలు ఇవి: ‘లోడ్ అండ్ మేక్ రెడీ’, ‘ఆర్ యూ రెడీ’, ‘స్టాండ్ బై’, తర్వాత టైమర్ బీప్. ఈ వరుస ముందే చెవికి అలవాటు చేసుకోండి. తుపాకీ మొరాయిస్తే మొన ముందుకే ఉంచి, వేలు బయటపెట్టి సరిచేయండి. పేలుడు శబ్దం మామూలుకన్నా మందంగా వినిపిస్తే వెంటనే ఆగండి: తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు, దాని వెనుక ఇంకొకటి పేలిస్తే గొట్టం పగలవచ్చు.

పని అయిపోయిందన్న ఊపులోనే చాలామంది తడబడతారు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లయిడ్ (వెనక్కి జరిగే పిస్తోలు పైభాగం) లాగి ఛాంబర్ ఖాళీ చేసి నాకు చూపాలి. నేను చెప్పాక గురుల వైపే ట్రిగ్గర్ నొక్కి హోల్‌స్టర్‌లో పెట్టాలి. ‘రేంజ్ ఈజ్ క్లియర్’ వినిపించేదాకా అక్కడినుంచి కదలవద్దు. ఆ తర్వాత స్కోరు రాసేవారి వెంట ప్రతి గురి దగ్గరికీ మీరే వెళ్లండి. రంధ్రం మీద సందేహం ఉంటే స్టిక్కర్ అంటించకముందే అడగాలి, అంటించాక ఎవరూ ఏమీ చేయలేరు.