పెళ్లి ఫుటేజ్ దాచే హార్డ్ డిస్కులకు కేసు, గాలి, తేమ

మాది విజయవాడలో పెళ్లిళ్ల ఫొటో స్టూడియో. ఆల్బమ్ చేతికిచ్చాక పని అయిపోయిందనుకుంటాం గానీ, నాలుగైదేళ్లకు ఫోన్ వస్తుంది: "అన్నా, నాన్న పోయారు. పెళ్లిలో ఆయన అక్షింతలు వేస్తూ మాట్లాడిన ముక్క మీ దగ్గర ఉందా?" ఆ ముక్క ఉండి తీరాలి. డిస్కులు దాచడం మీద నాకింత పట్టింపు అందుకే.

డిస్కు వేడెక్కేది కాపీ నడిచే గంటల్లో. బీరువాలో ఉన్నన్నాళ్లూ దాన్ని తినేది తేమ. ఈ రెండింటికీ ఒకే పెట్టె సరిపోదు. కాబట్టి కంప్యూటర్లో బిగించే మామూలు 3.5 అంగుళాల డిస్కులు కొనండి, వాటిని నడపడానికి ఒక మంచి కేసు (డిస్కును లోపల బిగించి యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గానీ డాక్ (డిస్కును గుచ్చి నడిపే స్టాండు) గానీ పెట్టుకోండి. పనయ్యాక డిస్కును బయటికి తీసి విడిగా దాచండి. జేబులో పట్టే పోర్టబుల్ డిస్కులు కస్టమర్‌కి డెలివరీ ఇవ్వడానికి బాగుంటాయి. దాచడానికి మాత్రం నేను వాడను. చాలా మోడళ్లలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్కు బోర్డు మీదే ఉంటుంది. అది ఊడితే వేరే కేసులో పెట్టి చూసే దారి లేదు. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచేది) కూడా ఎడిటింగ్ వరకే. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పడుంటే అందులోని డేటా నెమ్మదిగా చెదురుతుంది, వేడి ఊళ్లో ఇంకా త్వరగా.

కేసు కొనేటప్పుడు అల్యూమినియం అన్న మాట చూసి మురిసిపోకండి. పైన లోహం ఉన్నా, లోపల డిస్కు ప్లాస్టిక్ ట్రేలో కూర్చుని చుట్టూ కదలని గాలి ఉంటే వేడి బయటికి రాదు. కాపీ మొదలైన అరగంటకు కేసు మీద చెయ్యి పెట్టి చూడండి. స్క్రీన్ మీద డిస్కు 48 డిగ్రీలు చూపిస్తుంటే పైన లోహం చల్లగా తగిలిందంటే ఆ కేసు వేడిని లోపలే పట్టి ఉంచుతోంది. పైన బాగా వెచ్చగా ఉంటేనే అది పని చేస్తున్నట్టు.

ఫ్యాన్ ఉన్న కేసైతే 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ చూసుకోండి. 40 మిల్లీమీటర్లవి కీచుమంటాయి, చివరికి ఎవరో ఒకరు విసుగొచ్చి ఆపేస్తారు. వెనక ఫ్యాన్ ఉంటే ముందు వైపు గాలి లోపలికొచ్చే రంధ్రాలు ఉండాలి. అక్కడ సన్నటి టిష్యూ పేపరు ముక్క పట్టుకోండి. లోపలికి అతుక్కుంటే గాలి ఆడుతున్నట్టు, వేలాడుతూ ఉంటే ఆ ఫ్యాన్ ఉత్త శబ్దమే.

చిన్న స్టూడియోకి నేను చెప్పేది మాత్రం పైనుంచి డిస్కు నిలువుగా దించే డాక్. డిస్కులో చాలా భాగం బయటే ఉంటుంది, పక్క నుంచి టేబుల్ ఫ్యాన్ సన్నగా తిప్పితే చాలు. ఫ్యాన్‌ని వేరే స్టూలు మీద పెట్టండి, దాని అదురు డాక్‌కి తగలకూడదు. పిల్లలు తిరిగే ఇల్లయితే డాక్ వద్దు, మూసిన కేసే మేలు. తిరుగుతున్న డిస్కుకు చిన్న దెబ్బ తగిలినా ప్రమాదమే.

అడాప్టర్ 12 వోల్టులు, కనీసం 2 ఆంపియర్లు ఉండాలి. డిస్కు తిరగడం మొదలయ్యే ఆ కొన్ని క్షణాల్లోనే ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ చాలకపోతే టక్ టక్ మని ఆగి మళ్లీ మొదలవుతుంది. కేసుకి కరెంటు యూపీఎస్ నుంచే ఇవ్వండి.

రిటర్న్ గడువు దాటకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. కొత్త కేసులో డిస్కు ఫార్మాట్ చేసి ఒక ఫోల్డర్ కాపీ చేయండి. తర్వాత డిస్కు తీసి నేరుగా కంప్యూటర్ లోపల డిస్కులకు ఉండే సాటా కేబుల్‌కి తగిలించండి. ఫోల్డర్ తెరుచుకుంటే సరే. కొన్ని కేసుల బోర్డులు సెక్టార్ సైజుని (డిస్కు డేటాని విడగొట్టి రాసే ముక్క సైజుని) మార్చి చూపిస్తాయి, కొన్ని రెడీమేడ్ ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాళం వేసినట్టు మార్చి రాస్తుంది. అలాంటి చోట కేసు పాడైతే డిస్కు బాగున్నా ఫైళ్లు చేతికి రావు.

వేడి చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. డిస్కు వేడి అంకెని ఆ ప్రోగ్రాంకి అందనివ్వని కేసు కొనకండి. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు కంపెనీలు 60 డిగ్రీల వరకు ఒప్పుకుంటాయి గానీ, నా లెక్కలో 45 లోపు నిశ్చింత, 50 దాటితే కాపీ ఆపి గాలి పెంచాలి. ఏసీ 16లో పెట్టి గడ్డకట్టించే అవసరం లేదు. గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు వేడికి డిస్కులు పాడవడానికి పెద్ద సంబంధం కనపడలేదు. మరీ చల్లగా నడిచినవే ఎక్కువ పోయాయి. మన టెన్షన్ రోహిణి కార్తెలో, గాలి ఆడని గదిలో ఒకేసారి టీబీల కొద్దీ కాపీ పెట్టినప్పుడు. సెకనుకు 150 ఎంబీ వేగంతో పోయినా ఒక టీబీకి దాదాపు రెండు గంటలు పడుతుంది. ఆ రోజుల్లో కాపీ తెల్లవారుజామున పెట్టండి. కొనేటప్పుడు సీఎంఆర్ డిస్కు (డేటా వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రాసే రకం) అడగండి. వరసలు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ రకంలో పెద్ద కాపీలు నెమ్మదించి, డిస్కు అంతసేపూ వేడి మీదే ఉంటుంది.

కాపీ అయ్యాక డిస్కు గది వేడికి చల్లారనివ్వండి. తర్వాత దానితో వచ్చిన యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, నాలుగు వైపులా లాక్ పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు మూయండి. నారింజ రంగు గింజలు తీసుకోండి, తేమ పడితే ఆకుపచ్చకు తిరుగుతాయి, సన్నసెగ మీద ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. లెన్సులకు డ్రై క్యాబినెట్ ఉన్నవాళ్లు అందులోనే పెట్టుకోవచ్చు, 40, 50 శాతం తేమ డిస్కులకూ పడుతుంది. పేరు రాసిన స్టిక్కర్ అంటించేటప్పుడు డిస్కు మీద చూడండి: చిన్న రంధ్రం పక్కన దీన్ని మూయొద్దని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. డిస్కు గాలి పీల్చేది అక్కడి నుంచే. హీలియం నింపిన పెద్ద డిస్కులు పూర్తిగా సీలు వేసి ఉంటాయి, వాటికి ఈ రంధ్రం ఉండదు. డబ్బాని పై అంతస్తులో పడమటి గోడకు ఆనిన ఇనప బీరువాలో పెట్టొద్దు.

మాకు ఆషాఢం, పుష్యం ఖాళీ. శూన్యమాసాలు, ముహూర్తాలుండవు. రెండింటికీ మధ్య ఆరు నెలలు కాబట్టి డిస్కుల పరీక్ష అప్పుడే పెట్టుకుంటాం. వానాకాలంలో ఏసీ గదిలోంచి తెచ్చిన డబ్బాని వెంటనే తెరవకండి, చల్లటి డిస్కు మీద చెమ్మ పడుతుంది. గంటో రెండు గంటలో ఆగి, డిస్కు తగిలించి, కాపీ రోజున రాసిపెట్టిన హాష్‌లతో (ప్రతి ఫైలుకీ ప్రోగ్రాం లెక్కగట్టి ఇచ్చే గుర్తులు, ఫైలు కొంచెం చెదిరినా మారిపోతాయి) ఫైళ్లన్నీ సరిచూడండి. రెండు ఫొటోలు తెరిచి చూసి బాగుందనుకోవడం పరీక్ష కాదు.

రెండో కాపీ వేరే ఇంట్లో ఉండాలి, కింది అంతస్తులో వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు కింది గదుల్లో ఉన్నవేవీ మిగల్లేదు. మా రెండో సెట్ గుంటూరులో మా చెల్లెలి ఇంట్లో పై అంతస్తులో ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు పరీక్షించిన సెట్ అక్కడ పెట్టి, అక్కడిది తెచ్చుకుంటాం. బబుల్ రేపర్ చుట్టి ఒళ్లో పెట్టుకునే తేవాలి, స్కూటర్ డిక్కీలో వేయకండి.