నడుము నొప్పికి ముందుగా ఎవరి దగ్గరకు వెళ్లాలి?

నడుము నొప్పి అనగానే ఒకరు ఎముకల డాక్టరు పేరు చెబుతారు, మరొకరు నరాల డాక్టరు పేరు చెబుతారు, ఇంకొకరు మర్దన చేసేవారి చిరునామా ఇస్తారు. ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది నొప్పి తీరును బట్టి నిర్ణయించుకోవాలి తప్ప, తెలిసినవారికి ఎక్కడ నయమైందన్న దాన్ని బట్టి కాదు.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసినవి ప్రమాద సూచనలు. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలు తెలియకుండా వెళ్లిపోతున్నా, మర్మాంగాల చుట్టూ, కూర్చునేటప్పుడు కింద ఆనే భాగంలో స్పర్శ తగ్గినా, రెండు కాళ్లలో బలం తగ్గుతున్నా ఎవరిని ఎంచుకోవాలన్న ఆలోచనే వద్దు. నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. వెన్ను దిగువన ఉండే నరాల సముదాయం నొక్కుకుపోయినప్పుడు ఈ లక్షణాలు కనిపిస్తాయి, ఆపరేషన్ ఆలస్యమైతే నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా వైద్యుడు పరీక్షించేవరకు నడుముపై ఎవరి చేతా మర్దన గాని, ఎముకలు సర్దే చికిత్స గాని చేయించుకోకూడదు.

ఇవేవీ లేని నొప్పే ఎక్కువమందిలో కనిపిస్తుంది. దాదాపు 10 మందిలో 9 మందికి ఫలానా కారణమని తేల్చి చెప్పగల జబ్బేదీ ఉండదు, ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే గణనీయంగా తగ్గుతుంది. ఇలాంటి నొప్పికి కుటుంబ వైద్యుడు గాని, ఫిజియోథెరపిస్టు గాని సరిపోతారు. మంచి ఫిజియోథెరపిస్టు ముందు మిమ్మల్ని వంగమని, నడవమని, కూర్చుని లేవమని అడిగి చూస్తారు. ఇంట్లో చేయవలసిన వ్యాయామాలు నేర్పి, మరుసటిసారి వాటిని మీ చేత చేయించి సరిదిద్దుతారు. రోజూ యంత్రం కింద పడుకోబెట్టి పంపించడమే చికిత్స అయితే, వేరొకరిని చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

మొదటి వారంలోనే ఎంఆర్ఐ తీయించుకుని సర్జన్ దగ్గరకు వెళ్లేవారిని చూస్తే బాధ కలుగుతుంది. 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, ఏ నొప్పీ లేని 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి స్కానింగులో డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) అరుగుదల కనిపించింది. కాబట్టి రిపోర్టులోని మాటను చూసి భయపడనవసరం లేదు.

నొప్పి పిరుదు నుంచి మోకాలి కిందికి, పాదం దాకా లాగుతుంటే నరం ఒత్తుకుపోతూ ఉండవచ్చు. అప్పుడు ఏదైనా ఆసరా పట్టుకుని కొన్ని అడుగులు మడమల మీద, మరికొన్ని మునివేళ్ల మీద నడిచి చూడండి. ఒక పాదం పైకి నిలవక వాలిపోతున్నా, రోజురోజుకీ బలహీనపడుతున్నా వెంటనే వెన్నెముక సర్జన్‌ను కలవాలి. బలం బాగానే ఉంటే ముందు కుటుంబ వైద్యుడిని కలిసి, ఆరు వారాల పాటు మందులతో, వ్యాయామంతో చూసి, తగ్గకపోతే సర్జన్ సలహా తీసుకోవచ్చు. ఆర్థోపెడిక్ సర్జన్లూ న్యూరో సర్జన్లూ ఇద్దరూ వెన్నెముక ఆపరేషన్లు చేస్తారు గనుక, వారు ప్రధానంగా వెన్నెముక కేసులే చూస్తారా అన్నది అడిగి తెలుసుకోవాలి.

చాలామంది ఊహించని నిపుణుడు ఒకరున్నారు. 45 ఏళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటినా పోకుండా, అర్ధరాత్రి దాటాక నిద్ర లేపుతూ, ఉదయం అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, విశ్రాంతితో తగ్గక నడిస్తే సులువయ్యే నొప్పికి రుమటాలజిస్టును (కీళ్లవాతం నిపుణుడిని) కలవాలి. అది వెన్ను కీళ్లలో వాపు వల్ల వచ్చే జబ్బు కావచ్చు. గుర్తించకపోతే ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతోనే గడిచిపోతుంది.

పక్కటెముకల కింద మొదలై గజ్జల వైపు అలలుగా వచ్చే నొప్పి మూత్రపిండాల్లో రాయి వల్ల కావచ్చు గనుక దానికి యూరాలజిస్టు అవసరం పడవచ్చు.

ఏ ప్రత్యేక జబ్బూ లేదని తేలాక కూడా మూడు నెలలు దాటిన నొప్పి విషయంలో, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, నొప్పి గురించిన అవగాహనను, మానసిక చికిత్సలను సూచించాయి. నడుము బెల్టులను, ట్రాక్షన్‌ను (నడుమును లాగి పట్టే చికిత్సను), ఓపియాయిడ్ మందులను (మార్ఫిన్ తరహా బలమైన నొప్పి మందులను) వద్దన్నాయి. వెన్నెముకను చేతులతో సర్దే చికిత్స, మర్దన, ఆక్యుపంక్చర్ కొందరికి ఉపయోగపడవచ్చని కూడా పేర్కొన్నాయి. అందుకని కైరోప్రాక్టర్‌ను (వెన్నెముకను చేతులతో సర్దే చికిత్స చేసేవారిని) కలవకూడదని నేను అనను. కానీ ప్రమాద సూచనలేవీ లేవని వైద్యుడు నిర్ధారించాక, ఎన్నిసార్లలో ఎంత మెరుగు కనిపించాలో ముందే అడిగి, అది కనిపించకపోతే ఆపివేయాలి.