ప్లగ్ గుంతలో ఆయిల్ చేరి ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి కుదుపులిస్తుంది, పికప్ ఉండదు. మీటర్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పెట్రోల్ కారులో ఇవన్నీ కలిసి వచ్చాయంటే ఏదో ఒక సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదు. చాలామంది ముందు ప్లగ్గులు మార్పిస్తారు, తగ్గకపోతే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ మార్పిస్తారు, కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. బాగా తిరిగిన బండి అయితే డబ్బు ఖర్చుపెట్టే ముందు ప్లగ్గు కూర్చునే గుంతలో ఆయిల్ ఉందేమో చూడండి. అక్కడ ఆయిల్ ఉంటే తప్పు ప్లగ్గుదీ కాదు, కాయిల్‌దీ కాదు. ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ కింది రబ్బరు ప్యాకింగ్‌ది.

ఆయిల్ అక్కడికి ఎలా వస్తుంది, మంట ఎందుకు తప్పుతుంది

ఇప్పటి పెట్రోల్ ఇంజిన్లలో చాలావరకు ప్లగ్గు ఇంజిన్ పైభాగమైన హెడ్ మధ్యలో, లోతైన గొట్టం అడుగున ఉంటుంది. ఆ గొట్టం చుట్టూ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లు తిరుగుతూ ఆయిల్ చిమ్ముతుంటాయి. గొట్టం పైఅంచుకీ ట్యాపెట్ కవర్‌కీ మధ్య ఆయిల్‌ను ఆపేది ఒక రబ్బరు రింగు మాత్రమే. ఏళ్ల తరబడి వేడికి కాగి అది బిగుసుకుపోతుంది. కొత్త రింగు వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. పాతది గోరు దిగనంత గట్టిగా ఉంటుంది, వంచితే అప్పడంలా విరుగుతుంది. అప్పుడు ఆయిల్ గొట్టంలోకి జారి ప్లగ్గు చుట్టూ నిలుస్తుంది.

శుభ్రమైన ఆయిల్‌లో కరెంటు పారదు. అందుకే గుంతలో ఆయిల్ ఉన్నా కొన్ని బండ్లు నెలల తరబడి బాగానే నడుస్తాయి. అసలు నష్టం కాయిల్ కింద ఉండే రబ్బరు బూట్‌కు జరుగుతుంది. ఆయిల్‌లో నానితే అది మెత్తబడి ఉబ్బుతుంది, ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పట్టు వదిలేస్తుంది. ఆ సందులోకి మసి, దుమ్ము, తేమ చేరతాయి. కాయిల్ ఇచ్చే వేల వోల్టుల కరెంటు ప్లగ్గు కొన దగ్గర దూకకుండా ఈ సందులోంచి హెడ్ లోహంలోకి పోతుంది. ఒక్కసారి అలా పోతే పింగాణీ మీద పెన్సిల్ గీతంత సన్నని నల్ల చార పడుతుంది, బూట్ లోపల కూడా అలాంటిదే మరొకటి. ఆ చార కార్బన్, కరెంటుకు సిద్ధంగా ఉన్న దారి. ఆ తర్వాత ఆయిల్ ఎంత తుడిచినా మిస్సింగ్ ఆగదు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఇది ఎక్కువగా బయటపడుతుంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, కరెంటు సులువు దారి వెతుక్కుంటుంది. సిఎన్‌జికి పెట్రోల్ కన్నా ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. కాబట్టి పెట్రోల్‌లో సాఫీగా నడిచి గ్యాస్‌లో మాత్రమే జర్క్ కొట్టే క్యాబ్‌లో, గ్యాస్ కిట్ ట్యూనింగ్ జోలికి పోయేముందు కాయిల్స్ లాగి చూడాలి.

ముందు ఏ సిలిండరో తేల్చండి

స్టీరింగ్ కింద ఉండే, ఇంజిన్ లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో కోడ్ చదవండి. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 రెండోది, అలా వరుసగా. పి0300 వస్తే ఫలానాది అని తేలలేదు, ఒకటికి మించి ఉండవచ్చు. ఇంజిన్ అడ్డంగా ఉండే చిన్న కార్లలో సాధారణంగా టైమింగ్ చైన్ వైపు ఉన్నదే ఒకటో సిలిండర్.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం బండి పక్కకు తీసి ఆపేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది కరిగిపోయేంత వేడెక్కుతుంది. ప్యాకింగ్ ఖర్చుకు ఎన్నో రెట్లు దానికి అవుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కీ తీసేసి కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీయండి. పాత ప్లాస్టిక్ లాక్ పెళుసుగా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో ఎత్తొద్దు. 10 మి.మీ. స్పానర్ పట్టే బోల్టు విప్పి, కాయిల్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ నిలువుగా లాగండి. బూట్ చివర చూడండి: జిడ్డుగా ఉంటే ఆయిల్. తుప్పు మరక, తెల్లటి పొడి కనిపిస్తే నీళ్లు. సర్వీసింగ్‌లో ప్రెషర్ వాష్ కొట్టించిన మర్నాడు మిస్సింగ్ మొదలైతే ఎక్కువగా ఇదే, ఆరబెడితే సరిపోతుంది. టార్చి వేసి నాలుగు గుంతలూ చూడండి, కోడ్ ఒక్కదానికే వచ్చినా.

కాయిల్ చెడిందో లేదో ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. మిస్సయ్యే సిలిండర్ కాయిల్‌ను తుడిచి పక్కదానితో మార్చి, కోడ్ చెరిపి బండి నడపండి. కోడ్ కాయిల్ వెంట పోతే తప్పు కాయిల్‌ది లేదా దాని బూట్‌ది. పాత చోటే ఉంటే ప్లగ్గు చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్, కంప్రెషన్.

ఆయిల్ తోడకుండా ప్లగ్గు విప్పొద్దు

ఈ పనిలో ఎక్కువ తొందరపాటు ఇక్కడే జరుగుతుంది. గుంతలో ఆయిల్ ఉండగా ప్లగ్గు విప్పితే అదంతా పిస్టన్ మీద పడుతుంది. కొద్దిగా అయితే నీలిరంగు పొగ వచ్చి పోతుంది. ఎక్కువైతే పిస్టన్ పైకొచ్చేటప్పుడు ద్రవం నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

మెడికల్ షాపులో 20 మి.లీ. సిరంజి, సెలైన్ సెట్ గొట్టం ముక్క కొని తోడేయండి. పొడవాటి స్క్రూడ్రైవర్‌కు పాత నూలు గుడ్డ చుట్టి మిగిలింది అద్దించండి. బ్రేక్ క్లీనర్ కొద్దిగా కొట్టి మళ్లీ గుడ్డతో తీయండి, ఎయిర్ ఉంటే గాలి కొట్టండి. పెట్రోల్ పోసి కడిగే అలవాటు మంచిది కాదు: గొట్టంలో నిలిచిన ఆవిరి, పక్కనే కాయిల్ నిప్పు.

ప్లగ్గు విప్పాక దాని రెండు చివరలూ విడిగా చూడండి. పైన పింగాణీ జిడ్డుగా ఉండి, మంట వచ్చే కొన పొడిగా లేత గోధుమ రంగులో ఉంటే ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది. కొన కూడా తడిగా, నల్లగా ఆయిల్ పట్టి ఉంటే ఆయిల్ సిలిండర్ లోపలికే పోతోంది. అది పిస్టన్ రింగులదో వాల్వ్ స్టెమ్ సీల్స్‌దో. కంప్రెషన్ టెస్ట్ చేయించాలి, ట్యాపెట్ ప్యాకింగ్ దాన్ని బాగు చేయదు.

సామాను

ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్, ప్లగ్గులు మొత్తం, ఉబ్బిన బూట్లకు బదులు కొత్తవి, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లను బయటికి లాగేది), ఆర్‌టీవీ సీలెంట్ (గట్టిపడే సిలికాన్ పేస్టు), ఇగ్నిషన్ బూట్లకు వాడే సిలికాన్ గ్రీజు. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నా ఛాసిస్ నంబరు చెప్పి అడగండి, గొట్టం రింగులు సెట్‌లోనే ఉన్నాయో లేదో కవరు విప్పించి చూసుకోండి. కొన్నిటికి విడిగా కొనాలి. కొన్ని ఇంజిన్లలో రింగు ప్లాస్టిక్ కవర్‌తో కలిసే వస్తుంది, కవర్ మొత్తం మార్చాల్సిందే. బూట్ విడిగా దొరికితే కాయిల్ మొత్తం కొనక్కర్లేదు.

పీసీవీ వాల్వ్‌ను వదిలేయకండి. అది మూసుకుపోతే ఇంజిన్ అడుగున చేరిన ఒత్తిడి ఆయిల్‌ను ఏ సీల్ బలహీనంగా ఉంటే దాన్నుంచి నెడుతుంది. కొత్త ప్యాకింగ్ వేసిన కొద్ది నెలలకే మళ్లీ కారితే మొదట అనుమానించాల్సింది దీన్నే. విప్పి ఊపితే లోపల టకటకా చప్పుడు రావాలి. ఐడిల్‌లో దాని మూతికి వేలు అడ్డం పెడితే పీల్చుకోవాలి.

బిగించే పని

కాయిల్స్ అన్నీ తీసి, వైర్లు, గొట్టాలు ఎక్కడివో ఫోటో తీసుకోండి. కవర్ బోల్టులు బయటి నుంచి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేయండి. కవర్ అతుక్కుపోతే అంచున స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు, ఆ గీత దగ్గరే రేపు లీకవుతుంది. రబ్బరు సుత్తితో పక్కల నుంచి తట్టండి.

పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ గరిటెతో గోకండి. ముక్కలు లోపల పడకుండా గుడ్డ పరవండి. కవర్ గాడినీ హెడ్ అంచునూ జిడ్డు లేకుండా తుడిచి పొడిగా ఉంచండి. కొత్త ప్యాకింగ్ గాడిలో ఎక్కడా మెలిక పడకూడదు. గొట్టం రింగు లోపలి అంచుకు కొద్దిగా ఇంజిన్ ఆయిల్ రాస్తే గొట్టం మీదికి చిరగకుండా దిగుతుంది.

సీలెంట్ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. ప్యాకింగ్ అంతటా పూయకండి. టైమింగ్ కవర్ హెడ్‌ను కలిసే మూలల్లో, క్యామ్ దగ్గర అర్ధచంద్రాకారపు మలుపుల్లో కందిగింజంత చుక్క చాలు. ఎక్కువైతే లోపలికి పిండుకుని ఊడిపడి, ఆయిల్ పంపు జాలికి అడ్డుపడి ఆయిల్ ప్రెషర్ తగ్గుతుంది.

కవర్ బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించండి. 6 మి.మీ. బోల్టులకు సాధారణంగా 8–11 న్యూటన్ మీటర్లు, అంటే చిన్న రాట్చెట్‌ను తల దగ్గర పట్టుకుని మణికట్టు బలంతో బిగించినంత. ఇంకాస్త బిగిస్తే లీకు ఆగుతుందనుకుంటే ప్లాస్టిక్ కవర్ చిట్లుతుంది, అల్యూమినియం థ్రెడ్ పోతుంది.

ప్లగ్గును ముందు చేత్తోనే తిప్పి పూర్తిగా దింపాలి. 14 మి.మీ. థ్రెడ్ ప్లగ్గుకు సుమారు 20–25, 12 మి.మీ.కు 15–20 న్యూటన్ మీటర్లు. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే వాషర్ ఆనిన తర్వాత కొత్త ప్లగ్గును అరచుట్టు తిప్పండి. పాతదే మళ్లీ పెడితే పన్నెండో వంతు చాలు, వాషర్ ముందే నలిగి ఉంటుంది. ఇరిడియం ప్లగ్గు గ్యాప్ ముట్టుకోవద్దు, ఆ సన్నని కొన విరుగుతుంది. బూట్ మూతి లోపల సిలికాన్ గ్రీజు పలుచగా రాసి కాయిల్ దింపండి.

ఆ తర్వాత

సీలెంట్ ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చి, కోడ్ చెరిపి స్టార్ట్ చేయండి. సిలిండర్‌లో పడిన ఆయిల్ మండి మొదట్లో పొగ రావచ్చు, త్వరగానే తగ్గిపోవాలి. ఇంజిన్ వేడెక్కాక కవర్ అంచు చుట్టూ తెల్ల కాగితం ముక్కతో తుడిచి చూడండి. 200–300 కిలోమీటర్లు తిరిగాక అన్ని కాయిల్స్ ఒకసారి లాగి గుంతలు చూడాలి. తడి కనిపిస్తే రింగు మెలిక పడిందో, కొన్ని ఇంజిన్లలో హెడ్‌లోకి దిగగొట్టిన గొట్టం అడుగు అతుకు వదిలిందో. అడుగు నుంచి వచ్చే ఆయిల్‌ను పై రింగు ఆపలేదు, గొట్టం తీసి శుభ్రం చేసి మళ్లీ అతికించాలి.

గుంతలు నాలుగూ పొడిగా ఉండి మిస్సింగ్ ఇంకా కొడుతుంటే క్యామ్‌షాఫ్ట్ ఎక్కడుందో చెప్పే క్యామ్ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి చూడండి. సెన్సర్ సీలు పోతే ఆయిల్ పిన్నుల మధ్యకు వచ్చి సిగ్నల్‌ను చెడగొడుతుంది. డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ కరెంటును ప్లగ్గులన్నిటికీ పంచేది) ఉన్న పాత కార్లలో అయితే దాని క్యాప్ విప్పండి. షాఫ్ట్ సీల్ పోతే ఆయిల్ చేరేది ఆ క్యాప్ లోపలే.